కూత ఆగినా వదలని పట్టు

మనిషిని పట్టుకోవడం నాకు ఏలూరులో ఒక దొరగారు నేర్పారు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. "పట్టుకోవడం కూడా ఒకరు నేర్పాలా తాతయ్యా" అంటారు. నేర్పాలి నాయనా. నేర్చుకోకుండా పట్టుకుంటే ఏమవుతుందో మా ఇంట్లో రోజూ నా కళ్ళ ముందే కుంటుకుంటూ తిరిగేది.

ముందు మా అన్నయ్య సంగతి చెప్పాలి. మాది కొల్లేటి ఒడ్డున ఒక చిన్న ఊరు. ఎండాకాలం నీళ్ళు వెనక్కి జరిగితే మైళ్ళకొద్దీ నేల బయటపడేది. నల్లగా, మెత్తగా, పైన సన్నటి పెచ్చు కట్టి ఉండేది. చెడుగుడుకి అంతకంటే మంచి నేల ఇంకెక్కడైనా ఉందంటే నేను ఒప్పుకోను, మీ ఇష్టం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అన్నయ్యకి పదమూడప్పుడు, ఒక సాయంత్రం మేమిద్దరం చెరో జట్టులో పడ్డాం. మా జట్టులో అందరూ చచ్చి నేనొక్కణ్ణే మిగిలాను. అన్నయ్య కూతకి వచ్చాడు. నన్ను తాకి వెనక్కి దూకుతున్నవాడి కాళ్ళని రెండు చేతులా చుట్టేశాను. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. అన్నయ్య పడ్డాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది.

చీలమండ. కట్టు కట్టే ఆయన వచ్చి కోడిగుడ్డు సొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. ఎముక అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. అన్నయ్య మళ్ళీ పరిగెత్తలేదు.

అన్నయ్యని ఇంటికి మోసుకొచ్చిన రోజున నాన్న పడవ గడ చేత్తో పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు. "ఎవడ్రా పట్టుకుంది" అన్నాడు. నాన్న కోపం సంగతి ఊరంతా ఎరుగుదురు. నేను తలుపు వెనక ఉన్నాను. అన్నయ్య పళ్ళు బిగబట్టి, "ఎవరూ పట్టుకోలేదు నాన్నా. ఎండ్రకాయ బొరియలో కాలు పడింది" అన్నాడు. నాన్న నమ్మాడు. చూసిన పిల్లలు నాన్నకి జడిసి నోరు విప్పలేదు, ఊరూ నమ్మింది. నేను తలుపు వెనక నుంచి రాలేదు.

పదకొండేళ్ళు ఆ మాట మా ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. అన్నయ్య నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పాడా, లేక నొప్పిలో నిజంగానే నేను పట్టుకున్న సంగతి మరిచిపోయాడా, నాకు తెలీదు. అడుగుదామని ఎన్నిసార్లో అనుకున్నాను. అడిగితే "అవున్రా, నువ్వే విరగ్గొట్టావు" అంటాడేమోనని భయం. భయం కాదు, పిరికితనం. పేరు ఏదైతేనేం, దానివల్ల అన్నయ్యతో మాట్లాడేటప్పుడు నేలకేసో గోడకేసో చూడటం నాకు అలవాటైపోయింది.

ఏలూరు మేస్టర్ల ట్రైనింగు స్కూల్లో సీటు వచ్చేనాటికి నాన్న పోయాడు. ఇంటి భారమంతా అన్నయ్యదే. కొల్లేటి చేపలూ బాతుగుడ్లూ పడవలో ఏలూరు చేరవేయడం తన పని. నిలబడి గడ వేస్తున్న అన్నయ్యని చూస్తే కాలు బాగాలేదని ఎవరూ అనుకోరు. గట్టు మీద అడుగు పెట్టాకే తెలిసేది. నన్ను ఏలూరులో దించడానికి వచ్చినప్పుడు ట్రంకు పెట్టె తనే భుజాన పెట్టుకుని కాలవ దగ్గర్నుంచి హాస్టలు దాకా కుంటుకుంటూ నడిచాడు. పెట్టె నేను తీసుకుంటానంటే తిట్టాడు. "మేస్టారివి కాబోతున్నావు. చొక్కా నలగకుండా నడువు" అన్నాడు. నేను వెనకాల చేతులూపుకుంటూ నడిచాను, తన కాలు కనపడకుండా తలెత్తి రోడ్డు పక్క షాపులు చూసుకుంటూ.

ఇక దొరగారు. మాకు లెక్కలు చెప్పే విధానం ఆయనే బోధించేవారు. వయసు యాభై దాటింది. ముక్కు ఎప్పుడో విరిగి కొంచెం పక్కకి తిరిగి ఉండేది. తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకున్న తెలుగు కావడం వల్ల మాతో మాట్లాడినా గ్రాంథికమే. ఆయన తమ దేశం నుంచి ఒక తోలు బంతి తెచ్చుకున్నారు. అది గుండ్రంగా ఉండదు, దోసకాయలా ఉంటుంది. మేం దాన్ని దోసకాయ అనే పిలిచేవాళ్ళం. ఆటని రగ్బీ అంటారని, రేపు మేస్టర్లయ్యే మాకు ఒళ్ళు వంగడం తెలియాలని చెప్పి, చలికాలం మొదట్లో మైదానంలో బియ్యం మిల్లు ఊక పరిపించి మమ్మల్ని అందులోకి దింపారు. ఎవరితో ఆడాలో మాత్రం ఆయనకీ తెలీదు. జిల్లా మొత్తం మీద ఆ ఆట తెలిసినవాళ్ళం మేమే. మాలో మేమే రెండు జట్లయ్యాం.

మొదటి రోజు గుండుగొలను నుంచి వచ్చిన ఒక దిట్టమైన వాడికి బంతి ఇచ్చి పరిగెత్తమన్నారు. వాణ్ణి మేం గుండుగొలను అనే పిలిచేవాళ్ళం. వాడు గట్టిగా ఊపిరి పీల్చి "చెడుగుడు చెడుగుడు" అంటూ పరిగెత్తాడు. సగం దూరం పోయేసరికి కూత ఆగిపోయింది. వెంటనే నిలబడి, బంతి కింద పెట్టి, తల వంచుకుని పక్కకెళ్ళి కూర్చున్నాడు.

"నీవేల కూర్చుంటివి" అన్నారు దొరగారు.

"చచ్చిపోయానండి" అన్నాడు వాడు.

దొరగారు కంగారుపడి వాడి చెయ్యి పట్టుకుని నాడి చూశారు. మేం నవ్వలేక చచ్చాం. ఈ ఆటలో కూత ఉండదని, ఊపిరి పోయినా మనిషి ఆటలోనే ఉంటాడని మాకు అర్థం కావడానికి వారం పట్టింది.

ఇంకో చిక్కు ఉంది. పరిగెత్తేవాడి కాలు, పట్టుకోబోయేవాడి మొహానికో గుండెకో తగలక మానదు. తగలగానే మావాళ్ళు పరుగు ఆపేసి, వంగి, తగిలినచోట వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు. తాడేపల్లిగూడెం వాడొకడైతే బంతి కూడా కింద పెట్టి మరీ రెండు చేతులా దణ్ణం పెట్టేవాడు. ఈలోగా బంతి ఎవడో ఎత్తుకుపోయేవాడు. మాలో సగం మందిమి మిషను కుటుంబాల వాళ్ళమే, ఆదివారం చర్చిలో పాటలు పాడేవాళ్ళమే. అయినా కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం మాత్రం ఎవరికీ పోలేదు. దొరగారు రెండు రోజులు చూసి, "ఆట ముగిసిన పిమ్మట అందరును అందరికిని ఒక్కమారే నమస్కరించుడి" అని తీర్పు చెప్పారు. అది బాగా కుదిరింది. సాయంత్రం ఆట అయ్యాక ముప్పైమంది ఊక కొట్టుకుపోయిన ఒళ్ళతో వంగి ఒకళ్ళనొకళ్ళు తాకి కళ్ళకద్దుకుంటూ ఉంటే రోడ్డున పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి చూసేవారు.

పట్టుకోవడం నేర్పడానికి జూట్ మిల్లు గోనెసంచిలో గడ్డి కుక్కించి నేరేడు కొమ్మకి వేలాడదీశారు. ముందు దాని మీద, తర్వాత మనుషుల మీద. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నడుం పైన పట్టుకోకూడదు. చూపు అవతలివాడి తొడ మీద ఉండాలి. దగ్గరికొచ్చాక కళ్ళు మూసుకోకూడదు. తల వాడి వెనకవైపు పోవాలి, చెంప పిర్రకి ఆనాలి. తల ముందువైపు పెట్టావా, వాడి మోకాలు నీ పళ్ళు లెక్కపెడుతుంది. భుజం తొడలో దిగాలి. రెండు చేతులూ రెండు కాళ్ళ చుట్టూ తిరిగి బిగుసుకోవాలి. ఆపైన వాడితో పాటు నువ్వూ పడాలి. వాణ్ణి పడేసి నువ్వు నిలబడి చూడటం కాదు, ఇద్దరూ కలిసి నేల మీదికి వెళ్ళాలి.

చెప్పడానికి ఏముంది, అన్నీ గడగడా అప్పజెప్పేవాణ్ణి. గోనెసంచిని బ్రహ్మాండంగా పట్టేవాణ్ణి. మనిషి ఎదురొచ్చేసరికి చేతులు చుట్టేదాకా బాగానే ఉండేది, చుట్టాక వదిలేసేవాణ్ణి. ఎందుకు వదులుతున్నానో నాకే తెలీదు. చిన్నప్పుడు మరీ గట్టిగా లాగి అన్నయ్య కాలు విరగ్గొట్టాను కాబట్టి ఇప్పుడు గట్టిగా పట్టడానికి చేతులు రావడం లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. "పట్టుకుంటున్నావా, లాగూకి కొలతలు తీసుకుంటున్నావా" అని గుండుగొలను వాడు ఏడిపించేవాడు. దొరగారు మూడు వారాలు ఓపిక పట్టి, చివరికి నన్ను పక్కన కూర్చోబెట్టారు. "నీవు నేర్చుకొనువరకు ఆడనివ్వను. నీకు కాదు, నీవు పట్టువానికి అపాయము" అన్నారు. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

శనివారాల్లో అన్నయ్య పడవ సరుకు దించేసి నన్ను చూడటానికి మైదానానికి వచ్చేవాడు. గట్టు మీద కూర్చుని, చుట్ట వెలిగించకుండా నోట్లో పెట్టుకుని, ఆట చూసేవాడు. దొరగారి ఎదురుగా చుట్ట కాల్చడం తనకి ఇష్టం ఉండేది కాదు. అలా వచ్చిన ఒక శనివారం నాడే దొరగారు నాకు మళ్ళీ ఒక అవకాశం ఇచ్చారు. గుండుగొలను వాడు బంతి చంకలో పెట్టుకుని నా మీదికి వచ్చాడు. నేను వంగాను. కళ్ళు మూయలేదు. తల వెనకవైపు వేశాను. భుజం తగిలింది, చేతులు చుట్టాను. దెబ్బకి వాడు ఊపిరి వదిలేసి "హా" అన్నాడు. అంతే, నా చేతులు వదిలేశాయి. గాలిలో ఉన్నవాడు ఒక్కడే వెళ్ళి మోచెయ్యి మీద పడ్డాడు. చర్మం లేచిపోయింది.

దొరగారికి మొదటిసారి కోపం వచ్చింది. మొహం ఎర్రబడింది. "ఏల విడిచితివి" అని అరిచారు. నేను ఊక కేసి చూస్తూ నిలబడ్డాను.

గట్టు మీంచి అన్నయ్య లేచి వచ్చాడు. నోట్లో చుట్ట తీసి చెవి వెనక పెట్టుకున్నాడు.

"అయ్యగారూ, కోప్పడకండి. ఒక్క మాట చెబుతానండి. వీడు వదిలేది భయపడి కాదండి. మా చెడుగుడులో కూత ఉన్నంతసేపే పట్టు ఉంటుందండి. కూత ఆగిందంటే అవతలివాడు ఓడిపోయినట్టేనండి. ఆ తర్వాత కూడా పట్టుకుని ఉంటే మోటుతనం అంటారండి. అంచేత ఆ అబ్బాయి 'హా' అనగానే వీడి చేతులు వాటంతటవే వదిలేశాయండి."

"నీకు ఎట్లు తెలియును" అన్నారు దొరగారు.

"వీడికి ఆట నేర్పింది నేనేనండి. కూత ఆగగానే వదిలెయ్యరా, పడిపోయినవాణ్ణి నలపకూడదు, అని చెప్పిందీ నేనేనండి."

దొరగారి కోపం దిగిపోయింది. కాసేపు అన్నయ్య కేసి చూశారు, తర్వాత అన్నయ్య కాలి కేసి చూశారు. ఆయన మాస్టారు కదా, పాఠం చెప్పకుండా ఉండలేరు. నా వైపు తిరిగి మెల్లగా చెప్పారు. "వినుము. ఇరువురు కలిసి పడినచో నీ దేహము వాని కాలిని కాపాడును. నడుమ విడిచినచో వాడు మెలిపడి ఒంటరిగా పడును. ఎముకలు విరుగునది అప్పుడే." ఆ తర్వాత అన్నయ్యని అడిగారు. "నీ కాలికి ఏమాయెను?"

"చిన్నప్పటి దెబ్బండి" అన్నాడు అన్నయ్య. బొరియ మాట ఎత్తలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, పదకొండేళ్ళూ గుర్తు రానిదంతా. కొల్లేటి నేల మీద అన్నయ్య కాళ్ళు నా చేతుల్లో ఉన్నాయి. అన్నయ్య దూకుతూ గాల్లోకి లేచాడు, నేనూ తనతో పాటు లేచాను. అప్పుడు తన కూత ఆగింది. నేను గెలిచాను. గెలిచాను కాబట్టి మర్యాదగా వదిలేశాను. అన్నయ్య ఒక్కడే మెలితిరిగి పడ్డాడు. గట్టిగా లాగి విరగ్గొట్టలేదు నేను. వదిలేసి విరగ్గొట్టాను.

ఆ సాయంత్రం అన్నయ్యని కాలవ దాకా సాగనంపాను. అడుగుదామని ఊరు దాటేదాకా నోరు తెరుస్తూ మూస్తూ నడిచాను. తను మాత్రం హాస్టల్లో పులుసు నీళ్ళలా ఉంటోందా, దుప్పటి చాలుతోందా అని అడుగుతూ నడిచాడు. పడవ ఎక్కి గడ నీళ్ళలో దింపాడు. పడవ మలుపు తిరిగేదాకా నిలబడి వెనక్కి వచ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంక కసిగా నేర్చుకున్నాను. పట్టుకున్నవాడు మూలిగినా, అరిచినా, "చచ్చాన్రా బాబూ" అన్నా, నా చెంపకి ఊక తగిలేదాకా చేతులు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పాపం గుండుగొలను వాడు పక్కు కట్టిన మోచేత్తోనే రోజూ నాకోసం ముప్పైసార్లు పడ్డాడు. అలాంటి స్నేహితుడు దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి. రెండు వారాలకి నా చేతులకి బుద్ధి వచ్చింది. దొరగారు నా వీపు తట్టి, "ఇప్పుడు నీవు పట్టుకొనుచున్నావు" అన్నారు. డిప్లొమా వచ్చినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

క్రిస్మస్ సెలవులకి ఇంటికి వెళ్ళాను. నూర్పిళ్ళు అవుతున్నాయి. కళ్ళంలో కొట్టేసిన గడ్డి మోకాలెత్తు పరిచి ఉంది. మధ్యాహ్నం కూలీలు అన్నాలకి వెళ్ళారు, అన్నయ్యా నేనూ మిగిలాం. గడ్డి సర్దుతూ సర్దుతూ అన్నయ్య ఆగి, "దొరగారి పట్టు వచ్చిందిటగా. చూపించు" అన్నాడు.

"ఎవర్ని పట్టుకోను?"

"నన్ను."

"నీకేమైనా మతిపోయిందా? కాలు."

"కాలు నాది. పరిగెత్తేది నేను. నీకేం నష్టం" అని తలగుడ్డ విప్పి ఉండచుట్టి చంకలో పెట్టుకున్నాడు. నేను వద్దంటూనే ఉన్నాను, ఈలోగా కళ్ళం అవతలి చివరికి వెళ్ళి నిలబడ్డాడు. వదిన చూస్తే నన్ను చంపుతుందన్నాను. వదిన వంటింట్లో ఉందన్నాడు.

అన్నయ్య పరిగెత్తాడు. పదకొండేళ్ళ తర్వాత పరిగెత్తాడు. ఒక కాలు పడుతూ, ఒక కాలు ఈడుస్తూ, ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగిపోతూ వస్తున్నాడు. అల్లరి చెయ్యకుండా ఉండగలడా, పైగా "చెడుగుడు చెడుగుడు" అని కూత కూడా పెట్టాడు. నాకు కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. వంగి, తల వెనకవైపు వేసి, భుజం దింపి, రెండు కాళ్ళూ చుట్టేశాను. అన్నయ్య కూత ఆగిపోయింది. నా చేతుల్లో కాళ్ళు పైకి లేచాయి. వదల్లేదు. ఇద్దరం కలిసి గడ్డిలో పడ్డాం. కింద నేను, నా మీద ఆ కాలు.

"ఇంక వదలరా" అన్నాడు నవ్వుతూ.

వదల్లేదు. మొహం తన తొడలో పెట్టుకునే చెప్పేశాను. "ఆ రోజు నేను వదిలేశానన్నయ్యా. నీ కూత ఆగింది, నేను వదిలేశాను. అందుకే విరిగింది."

అన్నయ్య నోట్లోకి పోయిన గడ్డిపరక తీసి పారేశాడు. "తెలుసు" అన్నాడు.

"మరి నాన్నకి ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటావు? కూత ఆగింది, వదిలేశావు. నేను నేర్పినట్టే ఆడావు. నేర్పినట్టు ఆడినవాణ్ణి తన్నించనా?"

నాకు ఏడుపు ఆగలేదు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, వెక్కి వెక్కి ఏడ్చాను. అన్నయ్య నా జుట్టు పట్టుకుని తల పైకెత్తాడు.

"కాలు పోతే పోయిందిరా. పడవ మీద కాలుతో పనేముంది. ఆ రోజు నుంచి నువ్వు నా మొహం చూడటం మానేశావు చూడు, అదీ నన్ను చంపింది. ఇప్పుడైనా చూడు."

చూశాను. కణతల దగ్గర జుట్టు అప్పుడే నెరుస్తోంది. నాకు తెలియనే తెలియదు.

అన్నయ్య నా భుజం ఊతం చేసుకుని లేచి, తలగుడ్డ దులిపి మళ్ళీ ఉండచుట్టాడు. "ఇందాక సరిగ్గా పరిగెత్తలేదు. ఇంకోసారి వస్తాను, పట్టు" అని కళ్ళం ఆ చివరికి నడిచాడు.